పట్టుబట్టతో శంఖం చేయవచ్చునా?

జహీరాబాదులో ఉండే ఒక అమ్మాయి మమ్మల్ని ఇలా అడిగింది: “పట్టుబట్టతో అలలూ, గవ్వలూ, శంఖాలూ చేస్తారటగదా! బట్ట వాలిపోకుండా ఎలా నిలబడుతుంది?”

జహీరాబాదుకు సముద్రం చాలా దూరం. అయినా ఆ ఊరి మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని తూర్పుగా పోతే, హైదరాబాదూ విజయవాడా దాటి మచిలీపట్నం చేరవచ్చు. అక్కడ సముద్రమే!

ఇక పట్టు సంగతి. ఒక్కొక్క పట్టుగూటిలో ఉండేది ఒకటే దారం. దాని పొడవు సుమారు ఒక కిలోమీటరు. చూపుకు ఒకటే గాని, నిజానికి అందులో రెండు సన్నని పోగులుంటాయి. వాటి చుట్టూ సెరిసిన్ అనే జిగురు ఉంటుంది. పట్టు బరువులో ఇంచుమించు నాలుగోవంతు ఈ జిగురే! దారాన్ని సబ్బు కలిపిన వేడినీటిలో ఉడికిస్తే జిగురు కరిగిపోయి, పట్టుకు మెత్తదనమూ మెరుపూ వస్తాయి. అమ్మ చీర కుచ్చిళ్ళు జారుతూ ఉండేది అందుకే. జిగురు తీయకుండా నేసిన బట్ట గంజిపెట్టిన పంచెలాగా బిరుసుగా ఉంటుంది. ఆర్గంజా అలాటిదే. దాన్ని మడిచి, కుట్టి, ఏ ఆకారం తెచ్చినా నిలుస్తుంది.

మీరూ చేసి చూడండి. పాత నూలు చేతిరుమాలును చిక్కని గంజిలో ముంచి, బోర్లించిన గ్లాసు మీద కప్పి, ఎండలో పెట్టండి. బాగా ఎండినాక గ్లాసు తీసివేస్తే రుమాలు గవ్వలాగా నిలబడుతుంది. (గంజి అడిగి తీసుకోవాలి సుమా!)

పట్టూ సముద్రమూ నిజంగా పక్కపక్కనే ఉన్న ఊరు మనకొకటున్నది. అది కాకినాడ దగ్గరి ఉప్పాడ. ఢాకా ప్రాంతంలో సన్నని నూలు మీద చేసే జాందానీ పనిని ఇక్కడ పట్టు మీద చేస్తారు. పేక వేసేటప్పుడు, పువ్వు రావలసిన చోటనల్లా చిన్న కండెతో వేరే దారాన్ని చేత్తోనే దూరుస్తారు. ఒక చీరకు ఇద్దరు కూచుని నేసినా, పనితనాన్నిబట్టి పది రోజులు మొదలు రెండు నెలలదాకా పడుతుంది. 2009లో ఈ చీరలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

కాని ఆ ఊరిని సముద్రం కోసివేస్తున్నది. నదులు తెచ్చే ఇసుక ఆనకట్టల వెనుక ఆగిపోవటం కూడా డెల్టా తీరం కోతకు ఒక కారణమని శాస్త్రజ్ఞులు అంటారు. తుఫాను వచ్చిందంటే చాలు, అలలు కాకినాడ రోడ్డును విరగ్గొడతాయి. రాళ్ళు పోస్తారు, మళ్ళీ అలలు వస్తాయి. నేతగాడి కాళ్ళుండే చోటు గుంట. గుంట మగ్గంలోకి నీరు వస్తే, తోడిపోసి, నేల ఆరినదాకా నేత ఆపవలసిందే. సగం నేసిన చీర మటుకు మగ్గం మీదనే ఉంటుంది.