స్టర్జిస్‌కి బండి మీద వెళ్ళాలా, బండిని ఎక్కించుకుని వెళ్ళాలా?

ఈసారి వ్యాకరణం లేదు, మోటార్‌సైకిళ్ళ గురించి రాస్తున్నాను. తెలియని మాట వస్తే గట్టిగా పైకి చదవండి. ఇంట్లో విన్న మాటే అయితే చెవి గుర్తుపడుతుంది. ఇంగ్లీషు మీడియంలో చదువుకున్న నేను అలాగే నేర్చుకుంటున్నాను.

మన వాళ్ళు "బండేసుకుని వచ్చాను" అంటే బండి నడుపుకుంటూ వచ్చానని అర్థం. అమెరికాలో పెద్ద ర్యాలీలకు నిజంగానే బండిని "వేసుకుని" వచ్చేవాళ్ళు ఉన్నారు. ట్రైలర్ మీద ఎక్కించి, పట్టీలతో కట్టి, పికప్ ట్రక్కుతో లాక్కుని వస్తారు. నడుపుకుంటూ వచ్చినవాళ్ళకి వీళ్ళంటే చిన్నచూపు. "నాది నేను నడుపుకుంటూ వచ్చాను" అని చొక్కాల మీద రాయించుకుని మరీ తిరుగుతారు.

ఈ గొడవ బాగా వినిపించేది స్టర్జిస్‌లో. సౌత్ డకోటాలో, బ్లాక్ హిల్స్ పక్కన ఉన్న చిన్న ఊరు. మామూలు రోజుల్లో జనాభా 7,000 ఉంటుంది. ఆగస్టులో ర్యాలీకి లక్షల్లో వస్తారు. 2015లో 75వ ర్యాలీకి 7 లక్షలు దాటారు. 1938లో మొదలైంది. యుద్ధకాలంలో, 1942లో, పెట్రోలు రేషన్ వల్ల జరపలేదు. మా ఇల్లు చికాగో శివార్లలో. అక్కడి నుంచి సుమారు 900 మైళ్ళు, దాదాపు అంతా ఇంటర్‌స్టేట్ 90 మీదే. నాకు రెండు రోజులు పడుతుంది.

నేను నడుపుకుంటూ వెళ్ళేవాణ్ణి. ఎందుకో చెబుతాను. నలభై ఏళ్ళుగా ఈ దేశంలో నన్ను "మీది ఏ ఊరు?" అని అడుగుతూనే ఉన్నారు. "చికాగో" అంటే ఒప్పుకోరు. "అది కాదు, అసలు ఏ ఊరు?" అంటారు. మీలో ఇక్కడే పుట్టినవాళ్ళకి ఈ రెండో ప్రశ్న ఇంకా బాగా తెలిసి ఉంటుంది. కానీ హెల్మెట్ చేతిలో పట్టుకుని, మొహం నిండా దుమ్ముతో ఒక చిన్న ఊళ్ళో పెట్రోలు కొట్టించుకుంటుంటే పక్క పంపు దగ్గర పెద్దాయన అదే ప్రశ్న వేస్తాడు, "చికాగో" అంటే "అబ్బో, అంత దూరమా! గాలి ఎలా ఉంది?" అంటాడు. రెండో ప్రశ్న రాదు. ఆయనకి కావలసింది నేను ఎక్కడ పుట్టానో కాదు, ఎంత దూరం నడిపానో. అదే దారిలో కారులో వెళ్ళినప్పుడు నన్నెవరూ గాలి సంగతి అడగలేదు.

ఆ గాలి గురించి ఒక మాట. మిజోరీ నది దాటాక చెట్లు తగ్గిపోతాయి, పక్కగాలి బండిని తోసేస్తుంటుంది. అక్కడ స్పీడ్ లిమిట్ 80 మైళ్ళు. ట్రక్కు దాటినప్పుడల్లా భుజాలు బిగుసుకుంటాయి. మధ్యాహ్నం ఎండ, సాయంత్రం వడగళ్ళు. వాల్ అనే ఊళ్ళో ఆగి చల్లటి నీళ్ళు తాగితే ప్రాణం లేచొస్తుంది. ఇవన్నీ ఏసీ ట్రక్కులో కూర్చున్నవాళ్ళకి తెలియవు. ఇంతవరకు నేను ఆ చొక్కాలవాళ్ళ పక్షమే.

ఇప్పుడు రెండో సంగతి. ఆదివారం గుడి పార్కింగ్‌లో కార్లు పెట్టించే డ్యూటీ నాదీ, ఇంకొకాయనదీ. వయసులో నాకంటే రెండేళ్ళు చిన్న, నన్ను అన్నయ్యా అంటాడు. మోకాలి ఆపరేషన్ అయ్యాక గంటన్నర కంటే ఎక్కువ బండి మీద కూర్చోలేడు. అందుకని ట్రైలర్ మీద తీసుకొచ్చాడు. దించుకుంటుంటే ఎవరో కుర్రాళ్ళు వెక్కిరించారు. ఆయన నవ్వేశాడు. కానీ మరుసటి ఏడు రమ్మంటే "మీరు వెళ్ళిరండి అన్నయ్యా" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా బండి నడుపుతున్న మనిషి ఒక్క మాటతో ఇంట్లో కూర్చున్నాడు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ట్రైలర్ అంటే సుఖం అనుకునేవాళ్ళు ఒకసారి కట్టి చూడాలి. ముందు చక్రం చాక్‌లో బిగించాలి, నాలుగు వైపులా పట్టీలు లాగాలి, ముందు సస్పెన్షన్ సగం వరకు దిగేలా బిగించాలి. యాభై మైళ్ళు పోయాక ఆగి మళ్ళీ చూడాలి, పట్టీలు వదులవుతాయి. చాలా ట్రైలర్ టైర్లు 65 మైళ్ళ వేగానికే చేసినవి. 80 లిమిట్ ఉంది కదా అని తోలితే వేడెక్కి పేలవచ్చు.

ట్రైలర్ మీద నాకున్న అసలు అభ్యంతరం పరువు గురించి కాదు. చలికాలమంతా గరాజ్‌లో పెట్టిన బండిని, వేసవిలోనూ సరిగ్గా తీయకుండా, నేరుగా తీసుకెళ్ళి ఐరన్ మౌంటెన్ రోడ్డు మీద దించేవాళ్ళున్నారు. 17 మైళ్ళలో 314 మలుపులు. చేతులకి అలవాటు తప్పి ఉంటుంది. 900 మైళ్ళు నడిపినవాడికి ఆ చిక్కు లేదు, కానీ వాడు అలసిపోయి ఉంటాడు, అదీ ప్రమాదమే. కాబట్టి ఎలా వచ్చావు అని అడగకండి. ఈ నెలలో ఎన్నిసార్లు బండి తీశావు, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు అని అడగండి.

తిరుమలకి అలిపిరి నుంచి మెట్లెక్కి వెళ్ళేవాళ్ళున్నారు, బస్సులో వెళ్ళేవాళ్ళున్నారు. మెట్లెక్కినవాళ్ళు ఆ సంగతి చెప్పకుండా ఉండరనుకోండి. అయినా క్యూలో పక్కనున్న ముసలాయన్ని "బస్సులో వచ్చావా?" అని ఎగతాళి చేసినవాణ్ణి నేను చూడలేదు.

ఒంట్లో ఓపికుంటే నడుపుకుంటూ వెళ్ళండి. ఓపిక లేకపోతే ట్రైలర్ కట్టండి. మధ్యలో ఇంకో దారి కూడా ఉంది. ఇంటర్‌స్టేట్ 90 మీద మిచెల్ అనే ఊరు ఉంది. అక్కడి నుంచి స్టర్జిస్ 300 మైళ్ళు. మిచెల్ దాకా రెండు బండ్లూ ట్రైలర్ మీద, అక్కడ దించి, మిగతాది గంటకోసారి ఆగుతూ రెండు రోజుల్లో నడపడం. నది, గాలి, వాల్‌లో చల్లటి నీళ్ళు, అన్నీ ఆ 300 మైళ్ళలోనే ఉన్నాయి. మా ఆవిడకి చెప్పాను. "ఏమండీ, మీ మోకాళ్ళు కూడా ఏమంత కొత్తవి కావు, అలాగే వెళ్ళండి" అంది. పోయిన ఆదివారం పార్కింగ్‌లో ఆయనకీ చెప్పాను. ట్రైలర్ తనదే ఇస్తానన్నాడు. ఇంకా వస్తానని మాత్రం అనలేదు.