రాత్రి బసకు వచ్చిన కారుకు ప్లగ్ ఏదీ?

పోయిన కార్తీకంలో మా బ్యాచ్ అంతా వనభోజనాలకని విజయనగరం జిల్లాలో ఒక రిసార్టుకు వెళ్లాం. పేరు ఎందుకులెండి. రెండు కార్లు, అందులో ఒకటి ఎలక్ట్రిక్. రాత్రికి టెంట్లలో బస. కారు బ్యాటరీ 30 శాతానికి దిగింది. "ఎక్కడైనా ప్లగ్ ఉందా బాబాయ్?" అని అడిగితే కేర్‌టేకర్ వంటగది వెనక నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాక్కొచ్చి, "ఫ్రిజ్జే నడుస్తాది దీని మీద, మీ కారుకేటి బాబూ" అన్నాడు. ఛార్జర్ పెట్టగానే ఎర్ర లైటు. ఆ సాకెట్‌కి ఎర్త్ లేదు. పక్క గది సాకెట్‌కి మారిస్తే పచ్చ లైటు వెలిగింది, హాయిగా పడుకున్నాం. రెండు గంటల తర్వాత కాలిన ప్లాస్టిక్ వాసన. లేచి చూస్తే బాక్సు ఒక పక్క కరిగిపోయి ఉంది. దానికి మూరెడు దూరంలో టెంటు గుడ్డ.

ఎవరికీ ఏమీ కాలేదు. ఆ కేర్‌టేకర్‌ని తప్పు పట్టడానికీ లేదు. తప్పు మాది. మా బ్యాచ్‌లో బీటెక్ చదవనివాడు ఒక్కడూ లేడు మరి! ఆరు ఆంపియర్ల బాక్సు మీద రాత్రంతా 13, 14 ఆంపియర్లు లాగితే ఏమవుతుందో ఫస్టియర్ ల్యాబ్‌లోనే చూశాం.

ఈ సంగతి ఇప్పుడు ఎందుకంటే, మన వైపు పర్యాటకం ఊపందుకుంటోంది. భోగాపురంలో అల్లూరి పేరిట విమానాశ్రయం, చింతపల్లి, కళింగపట్నం, బారువ తీరాలకు పెరుగుతున్న రాకపోకలు, తాటిపూడి రిజర్వాయర్, శీతాకాలమొస్తే ఎస్.కోట మీదుగా అరకు ఎక్కే కార్ల వరస. రాష్ట్ర ప్రభుత్వం క్యారవాన్ టూరిజం అంటోంది. టెంట్లు, కాటేజీలు, హోమ్‌స్టేలు కొత్తగా కడుతున్నవాళ్లు ఉన్నారు. కట్టేటప్పుడే వైరింగ్ సరిగ్గా వేస్తే ఖర్చు చాలా తక్కువ. గచ్చు వేసి, గోడలకు రంగు కొట్టాక మళ్లీ తవ్వాలంటే ఏ ఓనరూ ఒప్పుకోడు. అందుకే నా వాదన ఒక్కటే: రాత్రి బస ఉండే ప్రతి చోటా కారుకు ఒక నెమ్మది ఛార్జింగ్ పాయింటు ఉండాలి. అది ఎక్స్‌టెన్షన్ బాక్సు కాకూడదు, అలాగని లక్షలు పోసే ఫాస్ట్ ఛార్జరూ అక్కర్లేదు.

ఛార్జింగ్ అనగానే మనవాళ్ల మనసులో మెదిలేది హైవే పక్కన నిలబెట్టిన పెద్ద డీసీ మెషిన్. ఎన్‌హెచ్-16 మీద అది ఉండాల్సిందే. కేంద్ర విద్యుత్ శాఖ 2019 మార్గదర్శకాల్లోనే హైవేలకు రెండు వైపులా 25 కిలోమీటర్లకు ఒక స్టేషన్ అంది, 2024లో దాన్ని 20 కిలోమీటర్లకు తగ్గించింది. కానీ అది దారిలో ఆగేవాళ్ల అవసరం. రాత్రి ఎనిమిదికి వచ్చి పొద్దున్న ఏడింటికి లేచేవాడికి అరగంటలో బ్యాటరీ నిండాల్సిన తొందరేముంది?

లెక్క చూడండి. మామూలు 16 ఆంపియర్ల పాయింటు గంటకు సుమారు 3 యూనిట్లు ఇస్తుంది. తొమ్మిది గంటలకు 27. నష్టాలు పోనూ బ్యాటరీలోకి 23, 24 యూనిట్లు చేరతాయి. చిన్న ఎలక్ట్రిక్ కారు యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు వస్తుంది కాబట్టి పొద్దున్నకి 150 కిలోమీటర్లు చేతిలో ఉన్నట్టే. కళింగపట్నంలో పడుకున్నవాడు మర్నాడు ఎక్కడా ఆగకుండా విశాఖ చేరొచ్చు. ఘాట్ రోడ్డంటే భయపడేవాళ్లకి ఇంకో లెక్క. మనుషులతో కలిపి టన్నున్నర బరువున్న కారు ఎస్.కోట నుంచి అరకుకు, అంటే సుమారు 900 మీటర్ల ఎత్తుకు ఎక్కడానికి, మామూలు ప్రయాణ ఖర్చు మీద అదనంగా పట్టేది నాలుగైదు యూనిట్లు. దిగేటప్పుడు రీజనరేటివ్ బ్రేకింగ్‌తో అందులో కొంత వెనక్కి వస్తుంది కూడా. పైన టెంటు దగ్గర ఒక్క పాయింటు ఉంటే ఈ భయమే ఉండదు.

మరి ఉన్న సాకెట్లకే పెట్టేసుకుంటే పోదా అంటారా? అక్కడే చిక్కు. బ్రిటన్‌లో క్యారవాన్ సైట్లు దశాబ్దాలుగా ఉన్నాయి. ఒక్కో బండికి 10 నుంచి 16 ఆంపియర్ల నీలం సాకెట్ ఇస్తారు. అయినా చాలా సైట్లలో దానికి కారు పెట్టొద్దంటారు, కారుకు వేరే పాయింటు చూపిస్తారు. కారణం మన ఎలక్ట్రికల్ వాళ్లు చదువుకున్న డైవర్సిటీయే. క్యారవాన్‌లో కెటిల్ ఐదు నిమిషాలు, హీటర్ కాసేపు. అందరూ ఒకేసారి ఫుల్ లోడ్ లాగరన్న నమ్మకంతో కేబుళ్లు వేస్తారు. కారు అలా కాదు. రాత్రంతా ఒకే లోడ్, అందరిదీ ఒకేసారి.

మన ఊళ్లకి అన్వయించుకుంటే ఇంకా ఇరుకు. పల్లె చివర తోటలో కట్టిన క్యాంపుకి దగ్గర్లో ఉండేది చాలాసార్లు 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరే. ఏడు కార్లు ఒకేసారి 3 కిలోవాట్ల చొప్పున లాగితే దాని పని అయిపోయింది, అదే లైను మీదున్న మోటార్లు, ఇళ్ల ఫ్యాన్లు కుంటుతాయి. టూరిస్టు కారు వల్ల ఊళ్లో వోల్టేజీ పడిపోయిందంటే ఆ క్యాంపుకి ఊరితో తగువే. కాబట్టి లోడ్ లెక్క కట్టి, ఏపీఈపీడీసీఎల్‌కి దరఖాస్తు పెట్టి, కావాల్సిన లోడ్ తీసుకున్నాకే పాయింట్లు పెట్టాలి. కార్లు వంతులవారీగా ఛార్జ్ అయ్యేలా టైమర్లో, లోడ్ పంచే కంట్రోలర్లో పెడితే పది కార్లకు 30 కిలోవాట్లు అక్కర్లేదు, సగంతో సరిపెట్టొచ్చు.

తీరంలో ఇంకో సంగతి ఉంది. పొడి ఇసుకలో ఎర్త్ పిట్ పనిచేయదు. పైప్ లోతుగా దింపాలి, బొగ్గు, ఉప్పు వేయాలి, నీళ్లు పోస్తూ ఉండాలి, ఏడాదికోసారైనా మీటరు పెట్టి చూడాలి. ఉప్పుగాలికి టెర్మినళ్లు ఏడాది తిరక్కుండానే పచ్చగా చిలుము పడతాయి. నీళ్లు చొరబడని బాక్సు, 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ, ప్రతి పాయింటుకీ విడి ఎంసీబీ, కనీసం 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. ఇవేవీ రాకెట్ సైన్స్ కాదు, కానీ ఒక్కటి తగ్గినా తడి ఇసుకలో వట్టికాళ్లతో నిలబడి కారు ముట్టుకునేది ఎవరి పిల్లాడో. ఛార్జర్ ఎర్ర లైటు చూపించిందంటే అది మనల్ని కాపాడుతోందని అర్థం. మా ఊళ్లో ఒకాయన ఎర్త్ పిన్నుకి న్యూట్రల్ కలిపేసి "ఇప్పుడు పచ్చ వచ్చింది సూడండి" అని సంబరపడ్డాడు. దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు.

ఎలక్ట్రిక్ కార్లు మన జిల్లాల్లో ఎన్నున్నాయి, ఎవరొస్తారని ఇంత ఖర్చు అని ఓనర్లు అడుగుతారు. సబబైన ప్రశ్నే. ఇక్కడి కార్లను లెక్కపెడితే తక్కువే. కానీ వచ్చేది ఇక్కడి కార్లు కాదు కదా. విశాఖ నుంచి వీకెండ్‌కి వచ్చేవాళ్లు, సంక్రాంతికి హైదరాబాద్ నుంచి 700 కిలోమీటర్లు దాటి వచ్చేవాళ్లు, అటు బరంపురం నుంచి ఇచ్ఛాపురం దాటి వచ్చేవాళ్లు. వాళ్లు గది బుక్ చేసే ముందే ఛార్జింగ్ ఉందా అని ఫోన్ చేస్తున్నారు. పది పాయింట్లు పెట్టమనడం లేదు. రెండు పెట్టండి, మిగతా ఎనిమిదింటికి గొట్టం మాత్రం భూమిలో వేసి ఉంచండి. 3 కిలోవాట్ల చిన్న ఏసీ పాయింటుని 3,500 రూపాయల లోపు ధరకి తేవాలన్న లక్ష్యంతో 2021లోనే మన దేశంలో ప్రమాణం తయారైంది. అసలు ఖర్చు ఆ డబ్బాకి కాదు, వైరుకీ ఎర్తుకీ.

డబ్బు వసూలు మీదా గందరగోళం ఉంది. కొందరు ఫ్రీ అంటారు, కొందరు కారుకి 500 అంటారు. రెండూ తప్పే. సబ్‌మీటర్ పెట్టి యూనిట్ లెక్కన తీసుకుంటే ఎవరికీ నష్టం లేదు. కరెంటు అమ్మడానికి లైసెన్స్ కావాలేమో అన్న భయం అక్కర్లేదు. ఛార్జింగ్ అనేది సేవ, దానికి విద్యుత్ చట్టం కింద లైసెన్స్ అవసరం లేదని కేంద్రం 2018 ఏప్రిల్‌లోనే స్పష్టం చేసింది. పబ్లిక్ స్టేషన్లకు 2024 మార్గదర్శకాలు పగలు 9 నుంచి సాయంత్రం 4 వరకు చౌక ధర సూచించాయి. మధ్యాహ్నానికే చేరుకునే అతిథికి ఇది కలిసొచ్చే మాట.

ఇదంతా కెరీర్ పేజీలో ఎందుకంటారా? ఈ పని చేసేవాళ్లు కావాలి కాబట్టి. ఈవీ ఉద్యోగం అంటే బెంగళూరులో బ్యాటరీ కంపెనీ, పుణేలో కార్ల ఫ్యాక్టరీ అనే మనవాళ్ల లెక్క. రాజాం, టెక్కలి, విజయనగరం కాలేజీల నుంచి ఏటా బయటికొస్తున్న ఎలక్ట్రికల్ వాళ్లలో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ కోర్సులకు అమీర్‌పేట బస్సెక్కుతున్నారు. నేనూ ఎక్కినవాణ్నే. ఫైనలియర్‌లో సగం ప్రాజెక్టులు "ఈవీ ఛార్జింగ్ స్టేషన్ సిమ్యులేషన్". స్క్రీన్ మీద గ్రాఫు బ్రహ్మాండంగా వస్తుంది, ఎర్త్ టెస్టర్ పట్టుకున్నవాడు ఒక్కడూ కనపడడు. అదే ప్రాజెక్టుని తాటిపూడిలోనో, తేలినీలాపురం పక్షుల విడిది దగ్గరో ఒక నిజమైన బస కోసం చేయండి. ఉన్న లోడెంత, ట్రాన్స్‌ఫార్మర్ ఎంత, ఎర్త్ ఎన్ని ఓములు, రెండు పాయింట్లకు ఖర్చెంత? నాలుగు పేజీల రిపోర్టు ఓనరు చేతిలో పెట్టండి. వంద మంది చూసే సిమ్యులేషన్ కన్నా అది మీ రెజ్యూమేలో బరువుగా ఉంటుంది, అదృష్టం బాగుంటే మొదటి ఆర్డరూ అదే అవుతుంది.

ఐటీఐ వాళ్లకి ఈ దారి ఇంకా దగ్గర. ఎలక్ట్రీషియన్, వైర్‌మన్ ట్రేడులు ఎలాగూ ఉన్నాయి, మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్ అనే ట్రేడ్ కూడా వచ్చింది. పర్మిట్ ఉన్న వైర్‌మన్, లెక్క కట్టగల డిప్లొమా కుర్రాడు, అనుమతుల కాగితాలు చూసుకునే ఇంజినీర్, ముగ్గురూ కలిస్తే ఒక చిన్న సంస్థ. బిగించాక ఏడాదికి రెండుసార్లు తనిఖీ ఒప్పందం రాసుకుంటే నెలనెలా పని ఉంటుంది. మన తీరంలో ఆ తనిఖీ మొక్కుబడి వ్యవహారం కాదు. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో స్తంభాలు ఎలా నేలకొరిగాయో, ఎన్ని రోజులు చీకట్లో గడిపామో ఎవరికీ గుర్తు చేయనక్కర్లేదు. తుఫాను హెచ్చరిక రాగానే మెయిన్ ఆపేసేవాడు, వరద తగ్గాక మళ్లీ పరీక్షించి ఆన్ చేసేవాడు దగ్గర్లోనే ఉండాలి. హైదరాబాద్ నుంచి వచ్చే టెక్నీషియన్ రోడ్డు తెరుచుకునేదాకా రాలేడు.

మొన్న ఆ రిసార్టుకే ఫోన్ చేశాను. కొత్త కాటేజీలకు పునాది తీస్తున్నారట. కారు ఆపే చోటు నుంచి మెయిన్ బోర్డు దాకా ఒక పీవీసీ గొట్టం వేయించమని, ఎర్త్ పిట్‌కి చోటు వదలమని చెప్పాను. "గొట్టమైతే వేయిస్తాం గానీ, వైరు లాగేవాడ్ని మీరే పంపండి" అన్నారు. ఎస్.కోట, గజపతినగరం వైపు పర్మిట్ ఉన్న కుర్రాళ్ల కోసం వెతుకుతున్నాను.