బోల్టులు పట్టినంత మాత్రాన చక్రం కుదిరినట్టు కాదు

గుడివాడ: కోతల రోజులు వచ్చాయంటే పల్లెల్లో బండి ఒక్క పూట ఆగినా రైతుకు నష్టమే. అటువంటప్పుడు రిమ్ము పగిలినా, వంకర పోయినా కొత్తది కొనడానికి చాలామందికి చేయి ఆడదు. పక్క ఊరి షెడ్డులో మూలనపడిన బండి చక్రమో, బెజవాడ ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్టు నుంచి తెచ్చిన చక్రమో బిగించి పని గడుపుకోవడం వాడుకైపోయింది. పాత చక్రం కొనడం తప్పు కాదు. కాని “బోల్టులన్నీ పట్టాయి, ఇంకేం కావాలి?” అన్న ఒక్క మాటతో బేరం ముగించడంలోనే ప్రమాదం ఉన్నది.

ఒక బండి చక్రం మరొక బండికి సరిపోవాలంటే ఐదు లెక్కలు కుదరాలి. కంటికి కనిపించేది వాటిలో మొదటిది మాత్రమే. అది కూడా సగమే కనిపిస్తుంది.

బోల్టుల వలయం

బోల్టుల సంఖ్య ఒకటైతే చాలదు. అవి ఏ వలయంపై ఉన్నాయన్నది ముఖ్యం. మెకానిక్కులు దీనినే పి.సి.డి. అంటారు. నాలుగు బోల్టుల చక్రమైతే ఎదురెదురు రంధ్రాల మధ్యకు మధ్య కొలిస్తే సరిపోతుంది. ఐదు బోల్టుల చక్రానికి ఎదురు రంధ్రం ఉండదు. కనుక పక్కపక్కనున్న రెండు రంధ్రాల మధ్యకు మధ్య కొలిచి, దానిని 1.7 చేత హెచ్చించాలి.

పాత మహీంద్రా జీపుకు ఈ దూరం సుమారు 82 మిల్లీమీటర్లు. హెచ్చిస్తే వలయం 139.7, అంటే ఐదున్నర అంగుళాలు. ఇన్నోవా కారుకూ ఐదు బోల్టులే. కాని దాని వలయం 114.3, అంటే నాలుగున్నర అంగుళాలు. ఇంత తేడాను ఎవరైనా గుర్తిస్తారు. చిన్న తేడాలతోనే అసలు చిక్కు. స్విఫ్టు కారు వలయం 100 మిల్లీమీటర్లు, పాత ఫియట్ పాలియో వలయం 98. రెంటికీ నాలుగేసి బోల్టులు. ఈ రెండు మిల్లీమీటర్ల తేడా కంటికి ఆనదు. బలవంతాన బిగిస్తే బోల్టు ఒక పక్కకు లాగుతుంది. కొన్నాళ్లకు అది వదులవుతుంది, లేదా విరుగుతుంది.

నడిమి రంధ్రం, నట్టు

చక్రం నడుమనున్న రంధ్రం హబ్బు మీద సరిగ్గా కూర్చోవాలి. స్విఫ్టుకు ఇది 54.1 మిల్లీమీటర్లు, హోండా సిటీకి 56.1. రెంటి బోల్టుల వలయమూ 100 కావడంతో సిటీ చక్రం స్విఫ్టుకు ఎక్కుతుంది. కాని నడుమ రెండు మిల్లీమీటర్ల సందు మిగులుతుంది. చక్రం మధ్యకు రాకుండా బిగుసుకుంటే వేగంలో స్టీరింగు వణుకుతుంది. సందు పూడ్చే రింగు వేయించడమే దీనికి మార్గం. హబ్బు కంటె రంధ్రం చిన్నదైతే మాత్రం ఆ చక్రాన్ని వదిలేయడమే మేలు.

నట్టు సంగతి చాలామంది పట్టించుకోరు. స్విఫ్టు నట్టు మొన కోసుగా ఉంటుంది. సిటీ నట్టు మొన గుండ్రంగా ఉంటుంది. కోసు నట్టును గుండ్రని గూటిలో బిగిస్తే అది అంచున మాత్రమే ఆనుతుంది. ఎంత బిగించినా నాలుగు రోజులకు వదులు. పైగా రెంటి మరలూ వేరు. ఒకదాని నట్టు మరొకదాని స్టడ్డుకు రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది. ఆపైన పానా వేసి తిప్పితే మరలు చెడతాయి.

లోతు

రిమ్ము ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందన్నది నాలుగవ లెక్క. చక్రం బయటికి పొడుచుకు వస్తే బేరింగు మీద భారం పెరుగుతుంది, మట్గార్డుకు టైరు రాసుకుంటుంది. మరీ లోపలికి పోతే బ్రేకుకో, స్ప్రింగుకో తగులుతుంది. జాకీ మీద లేపి చేతితో తిప్పి చూడాలి. కింద దింపి, మనుషులను ఎక్కించి, స్టీరింగును రెండు పక్కలా చివరిదాకా తిప్పి చూడాలి. ఖాళీ బండికి తగలనిది బరువు పడినప్పుడు తగలవచ్చు.

బరువు, వేగం

ప్రాణాల మీదికి తెచ్చేది ఐదవ లెక్క. టైరు కొలత చివర 82, 90 వంటి అంకె ఉంటుంది. 82 అంటే ఆ టైరు మోయగల బరువు 475 కిలోలు. 90 అంటే 600 కిలోలు. 82 అంకె గల పాత కారు టైర్లు రెండింటిని ఇంట్లో చేయించుకున్న చిన్న ట్రైలరుకు తగిలిస్తే మొత్తం మోత 950 కిలోలు. 75 కిలోల ధాన్యం బస్తాలు పదమూడు కూడా పట్టవు. అందులోనే ట్రైలరు సొంత బరువు కూడా తీసివేయాలి. ఇరవై బస్తాలు వేసి, పైన కూలీలను ఎక్కిస్తే ఆ టైరు ఏ గట్టు మలుపులో పేలుతుందో చెప్పలేము.

6.00-16 అన్న కొలత పాత జీపు టైరుకూ ఉంది, ట్రాక్టరు ముందు టైరుకూ ఉంది. కొలత ఒకటే గదా అని మార్చరాదు. ట్రాక్టరు టైరు మీద ఎ6 అని ఉంటే గంటకు 30 కిలోమీటర్లు, ఎ8 అని ఉంటే 40 దాని హద్దు. జీపు ఆ వేగంతో ఆగదు.

అతుకుల వైద్యం

కుదరని చక్రాన్ని కుదిర్చేందుకు రంధ్రాన్ని ఆకురాయితో అరగదీయడం, గ్యాసుతో కోయడం, వాషర్లు పేర్చడం కద్దు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, వందలు మిగిల్చబోతే హబ్బు, డ్రమ్ము కూడా పోతాయి. ఊడిన చక్రం బండి యజమానికే కాదు, రోడ్డు పక్కన నడిచేవారికి కూడా ముప్పు.

చట్టం మాటా ఉన్నది. తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అవే కొలతల చక్రం వేసుకోవడానికి ఏ అడ్డూ లేదు.

కనుక పాత చక్రం కొనబోయే రైతు తన బండి చక్రాన్ని, ఒక నట్టును, కొలత టేపును వెంట తీసుకుపోవాలి. రెండు చక్రాలనూ పక్కపక్కన బోర్లించి కొలిచిన తరువాతే డబ్బు చేతికివ్వాలి. బిగించేటప్పుడు వరుసగా కాక ఎదురెదురు నట్లు బిగించాలి. యాభై, వంద కిలోమీటర్లు తిరిగిన పిదప మరొకసారి పానా వేయాలి. ఈ పనికి పట్టేది పది నిమిషాలు. బస్తాల మీద కూర్చుని ఇంటికి వచ్చే మనుషుల ప్రాణాలు ఆ పది నిమిషాల మీదనే ఆధారపడి ఉన్నాయి.