కర్రపెండలం మనది, ధర మాత్రం మిల్లుది



రంపచోడవరం ఏజెన్సీలో పండే కర్రపెండలం ఎక్కువగా లారీ ఎక్కి కిందకే పోతది, పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లులకు. తవ్విన రెండు మూడు రోజుల్లోనే గడ్డ లోపల నల్లబడుతుంది. అందుకే మిల్లోళ్లు చెప్పిందే ధర. బేరమాడే టైం మన రైతుకు ఉండదు.

పచ్చి గడ్డలో దాదాపు పావు వంతు స్టార్చ్, అంటే పిండి, ఉంటది. మనం దాన్ని తిండిగానే చూస్తున్నాం. అదే పిండికి నీళ్లు, గ్లిజరిన్ కలిపి వేడి మీద మెషీన్‌లో ఒత్తితే ప్లాస్టిక్ లాగా సాగుతుంది. ఇండోనేషియాలో కర్రపెండలం పిండితో సంచులు చేసి అమ్ముతున్నారు. 2021లో తిరుమలలో లడ్డూల కోసం డీఆర్‌డీఓ తయారుచేసిన మొక్కజొన్న స్టార్చ్ సంచులు పెట్టారు. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు చాలావాటిని దేశమంతా నిషేధించారు. కాబట్టి ఈ పిండికి గిరాకీ పెరిగేదే.

అలాగని గొప్పలు చెప్పుకోవద్దు. ఉత్త స్టార్చ్ తడికి మెత్తబడుతుంది, ఆరితే పెళుసవుతుంది. అందుకే వేరే పాలిమర్లు కలుపుతారు, వాటిలో కొన్ని పెట్రోలియం నుంచే వస్తాయి. సంచి మీద ఆకుపచ్చ బొమ్మ ఉందని వాగులో పడేస్తే కరిగిపోదు. చాలా రకాలకు బాగా వేడెక్కే కంపోస్టు కావాలి. భోజనాలకైతే మన అడ్డాకు విస్తరి ఉండనే ఉంది. స్టార్చ్ కావాల్సింది ఆకు చేయలేని పనులకు: సంచులు, నర్సరీ కవర్లు, ప్యాకింగ్.

రేపే సంచుల ఫ్యాక్టరీ పెట్టమని మేము అడగట్లేదు. ముందు గడ్డ కడిగి, తురిమి, పిండి తీసి ఆరబెట్టే చిన్న యూనిట్లు ఏజెన్సీలోనే రావాలి. ఆ మురుగు నీళ్లు మన వాగుల్లో కలవకుండా చూడాలి. ఆరిన పిండి నెలల తరబడి నిల్వ ఉంటది. నిల్వ ఉంటే "ఈ ధరకు ఇవ్వం" అనే ధైర్యం మన అమ్మానాన్నలకు వస్తది. మన కాఫీని, తేనెని జీసీసీ కొని ప్యాక్ చేసి అమ్ముతోంది కదా, ఈ పిండిని ఎందుకు అమ్మకూడదు? తిరువనంతపురంలో దుంప పంటల మీదే పనిచేసే కేంద్ర పరిశోధన సంస్థ ఉంది. వాళ్లను మన ఊళ్లకు పిలిపించమని ఐటీడీఏను అడుగుదాం.

మా ఇళ్లలో కాలేజీ మెట్లెక్కిన మొదటివాళ్లం మేము. ఊళ్లో ఈ లెక్క విడమరిచి చెప్పాల్సింది కూడా మేమే, మీరే. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు గ్రామసభలో ఈ మాట ఎత్తండి. మీ ఊళ్లో ఈసారి గడ్డ కిలో ఎంతకు పోయిందో కింద రాయండి, అన్నీ కలిపి అర్జీ రాద్దాం.