వేషం సరే... బడి మాటేమిటి?

‘మాయాబజార్’ నాటకంలో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరి వెళ్తుంటే పిల్లలతో పాటు మనమూ నోరు తెరిచి చూసినవాళ్లమే. ‘లవకుశ’ చూసి కళ్లొత్తుకున్నవాళ్లమే. మరి ఆ లవుడు, కుశుడు వేషాలు కట్టిన పసివాళ్లు మర్నాడు పొద్దున్న ఏ బడికి వెళ్తారు? ఆ ప్రశ్న మనలో ఎందరికి వచ్చి ఉంటుంది?

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో వనారస గోవిందరావు మొదలుపెట్టిన సమాజం అది. ఆడవేషాలు మగవాళ్లే కట్టే రోజుల్లో తమ ఇంటి ఆడవాళ్లనే రంగం మీదికి తెచ్చింది. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో నటించిన సురభి కమలాబాయి ఆ కుటుంబాల బిడ్డే. ఊరి బయట డేరా వేసి, తెరలూ పెట్టెలూ వంటగిన్నెలూ దించుకుని నెలల తరబడి అక్కడే కాపురం. నడక రాని బిడ్డ కూడా ఎవరి ఒళ్లోనో చంటిపాప వేషంలో రంగం మీదికి వచ్చేసేది. ఇప్పుడు చాలా కుటుంబాలు హైదరాబాద్ లింగంపల్లిలో స్థిరపడ్డాయి. అయినా ఆహ్వానం వస్తే సామాను సర్దాల్సిందే.

ఆ సర్దడం ఎవరి పని? అమ్మదే. రాత్రి దమయంతిగా ఏడ్చిన అమ్మే తెల్లారి పొయ్యి దగ్గర. నిద్ర చాలని పిల్లాణ్ని లేపాలా, పడుకోనివ్వాలా అన్న తగువు కూడా ఆవిడదే.

ఇక చట్టం సంగతి. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించారు. పద్నాలుగేళ్లలోపు పిల్లలు పనిలో ఉండకూడదు. రెండు మినహాయింపులు మాత్రం ఇచ్చారు. బడి అయ్యాకో, సెలవుల్లోనో ఇంటివాళ్ల పనిలో సాయపడొచ్చు. కళాకారులుగా నటించొచ్చు. సర్కస్‌కి ఈ వీలు లేదు.

మరి సురభి పిల్లాడు ఇంటిపనిలో సాయపడుతున్నట్టా, నటుడైనట్టా? ఇంటిపని అనుకుంటే చిక్కే. 2017 నిబంధనల ప్రకారం రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా పిల్లలు ఆ సాయం చేయకూడదు. నాటకం మొదలయ్యేదే ఆ వేళకి! పైగా చట్టం దృష్టిలో కుటుంబమంటే తల్లిదండ్రులు, తోబుట్టువులు, మేనత్తలు, పిన్నులు, మేనమామలు, బాబాయిలు. తాతా నాయనమ్మల ఊసే లేదు. ఈ లెక్క రాసినవాళ్లు మన ఉమ్మడి కుటుంబాలను ఎక్కడ చూశారో మరి!

నటుడు అనుకుంటే మరో తంతు. రోజుకి ఐదు గంటలకు మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు. వరసగా 27 రోజులకు మించి పని చేయించకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం బిడ్డ పేరున బ్యాంకులో డిపాజిట్ చేయాలి. చదువు తెగిపోకుండా చూడాలి. ఇవన్నీ మంచివే, కాదనం. కానీ టిక్కెట్టు పెట్టి ఆడే ప్రదర్శన జరిగే జిల్లా కలెక్టర్ అనుమతి కావాలి. తెలంగాణలో 2016లో, ఆంధ్రలో 2022లో జిల్లాలు చిన్నవయ్యాయి. నాలుగూళ్లు తిరిగే సమాజం ఎన్ని కలెక్టరేట్ల గుమ్మాలు ఎక్కాలి? స్టూడియోలో సినిమా తీసే పెద్ద నిర్మాతని తలుచుకుని రాసిన నిబంధన ఇది. లారీలో తెరలు వేసుకు తిరిగేవాళ్లకి అతకదు.

అలాగని పిల్లల్ని వదిలేయమని ఎవరూ అనరు. హార్మోనియం పక్కన పెరిగిన బిడ్డకి పద్యం వస్తుంది, సభ భయం పోతుంది, నిజమే. లెక్కలు మాత్రం వాటంతటవి రావు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ ఆలస్యమైందని ఏ ప్రభుత్వ పాఠశాలా బిడ్డని తిప్పి పంపకూడదు. ఈ సంగతి తెలిసిన తల్లులు ఎందరు? తెలిసినా, పది రోజుల మకాం కోసం కొత్త బడిలో చేర్చేవారెవరు?

నాటకాలకు పిలిచే సాంస్కృతిక శాఖలు, ఉత్సవ కమిటీలు ఒక పని చేయొచ్చు. పిల్లల వేషాలున్న నాటకాలను దసరా, సంక్రాంతి, వేసవి సెలవులకే పెట్టుకోవాలి. మిగతా రోజుల్లో పెద్దలు మాత్రమే ఉన్న నాటకాలు అడగాలి. కుదరనప్పుడు బసకీ లారీకీ ఇచ్చే డబ్బులో ఒక టీచరమ్మ జీతం కూడా కలపాలి. లవకుశుల్ని పదిహేనేళ్ల వాళ్లు ఆడితే మనమేమీ లేచి వెళ్లిపోం కదా!