ఫోన్ల డాక్టర్ దొరికింది, మాత్రనే దొరకలె

పోయిన ఎండాకాలం మా వాడకట్టుల ఒక పెద్దాయనకు గొంతు క్యాన్సర్ ముదిరింది. పెద్ద దవాఖానల "ఇగ ఇంటికి తీస్కపొండ్రి" అన్నరు. రాత్రయితే ఆయన మూలుగు మూడిండ్ల అవతలికి ఇనవడేది. ఇంటర్ సదివే మనుమడు వీడియో కాల్ జేసి డాక్టరమ్మకు తాతను సూపెట్టిండు. ఆమె ఓపికతోని అన్నీ అడిగింది. ఆఖరికి, "తాతకు మార్ఫిన్ గావాలె బిడ్డా. గని ఫోన్ల రాసిచ్చే వీల్లేదు, ఈడికి తీస్కరా" అన్నది. లేవలేని మనిషిని బస్సెట్ల ఎక్కిస్తరు?

తప్పు ఆ డాక్టరమ్మది కాదు. 2020 మార్చిల కేంద్రం టెలిమెడిసిన్ నిబంధనలు తెచ్చింది. మత్తుమందుల చట్టం కిందికొచ్చే మందులను ఫోన్ల రాయొద్దని అండ్ల ఉన్నది. మార్ఫిన్ గా లెక్కలకే వస్తది.

రోగం నయం కాకపోయినా నొప్పిని, బాధను తగ్గించే వైద్యమే పాలియేటివ్ కేర్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 5 కోట్ల 68 లక్షల మందికి ఇది అవసరం. అందేది నూటికి 14 మందికే. అవసరమున్నోళ్లల్ల ఎక్కువ మంది మనసొంటి పేద, మధ్య ఆదాయ దేశాలోళ్లే.

ఫోన్‌తోని లాభం లేదని నేను అంటలేను. పుండు ఎట్ల కడగాలె, పక్క మీదున్న మనిషిని ఎట్ల పొర్లియ్యాలె అని ఇంటోళ్లకు నేర్పొచ్చు. ఊరి నర్సమ్మకు పట్నం నిపుణులతోని మాట్లాడిపియ్యొచ్చు. గని నొప్పి 10కి 9 ఉన్నదని ఫోన్ చెప్పినంక మందు రాకపోతే ఏం ఫాయిదా?

మార్ఫిన్ పక్కదారి పడుతదనే భయం ఉత్తదేం కాదు. గని ఉగాండ దారి సూడుండ్రి. మనకన్న పేద దేశం. మార్ఫిన్ పొడిని నీళ్లల్ల కలిపి తాగే మందు జేసి ఉచితంగ ఇస్తున్నరు. ప్రత్యేక శిక్షణ తీస్కున్న నర్సులు కూడ రాసేటట్టు 2004ల నిబంధన మార్చుకున్నరు. భయముంటే లెక్క పక్కాగ రాయాలె గని, మందే ఆపుతరా?

మనకాడ 2014ల మత్తుమందుల చట్టం సవరించిండ్రు. దవాఖానలకు మార్ఫిన్ తెచ్చుకునుడు కొంత అల్కగయింది. తెలంగాణల జిల్లా దవాఖానలల్ల పాలియేటివ్ కేంద్రాలు వెట్టిండ్రు, ఇంటికొచ్చే ఆలన బండ్లు తిప్పిండ్రు. పునాది ఉన్నది. ఇంక రెండు పనులు గావాలె. ఒకటి, మొదటిసారి డాక్టర్ ఇంటికొచ్చి సూసి రాసినంక, అదే రోగికి తర్వాత ఫోన్ మీద మందు కొనసాగించనియ్యాలె. రెండు, ఆ మందు పట్నంల కాదు, దగ్గరి ఏరియా దవాఖానల ఉండాలె.

తమ్ముళ్లు, చెల్లెండ్లు, ఫోన్ మీ చేతుల ఉన్నది. ఇంట్ల గసొంటి మనిషుంటే పొద్దున, మాపున నొప్పి 10కి ఎంతున్నదో అడిగి రాయుండ్రి. వారం లెక్క ఆశమ్మకు, డాక్టరుకు పంపుండ్రి. జిల్లా పాలియేటివ్ కేంద్రం నంబరు కనుక్కొని ఊరి గ్రూపుల వెట్టుండ్రి. మార్ఫిన్ స్టాకు ఎంతున్నదో సమాచార హక్కు కింద అడుగుండ్రి.

మా వాడకట్టు పెద్దాయన పదకొండు దినాలు మూలిగి పోయిండు. ఆ మనుమడి ఫోన్ల సిగ్నల్ ఆఖరి దాంక మంచిగనే ఉన్నది.