అశ్వహృదయము, అక్షహృదయము

నలుని కథ నెఱుగని తెలుగువాడుండడు. నన్నయభట్టారకుని అరణ్యపర్వమున దానిని చదివినవారి కొక విశేషము తోపక మానదు. నలుడు అశ్వహృదయ మెఱిగినవాడు. గుఱ్ఱముల జాతియు, లక్షణమును, వేగమును ఆతనికి కరతలామలకములు. అట్టివాడును పుష్కరునితో జూదమాడి రాజ్యమును గోల్పోయి అడవిపాలయ్యెను. పిదప బాహుకుడను పేర ఋతుపర్ణునికి సారథియై యుండగా, ఆ రాజు తాండ్రచెట్టు ఆకులను కాయలను చూచినంతనే లెక్కగట్టి చెప్పెను. ఆ లెక్కల విద్యయగు అక్షహృదయమును గ్రహించిన పిమ్మటనే కలి నలుని విడిచిపోయెను. గుఱ్ఱముల నెఱుగుట వేఱు, జూదము నెఱుగుట వేఱు. నేడు పందెములకు బోవు మన పట్టణవాసులు మొదటి విద్యలో పండితులు. రెండవదానిలో ఓనమాలైన నెఱుగరు. వారి కష్టములకు మూల మిదియే యని మా యభిప్రాయము.

హైదరాబాదు పందెములు 1868లో మౌలాలియందు ప్రారంభమై, 1886లో ఆఱవ నిజామగు మహబూబ్ అలీఖాను కాలమున మలక్‌పేటకు మాఱినవి. నడుమ కొంతకాలము సికింద్రాబాదున జరిగి 1968లో మరల మలక్‌పేటకే వచ్చినవి. నాడు నవాబులకు విలాసమైనది నేడు గుమాస్తాలకును, చిల్లర వర్తకులకును, ఆటో తోలువారికిని వ్యసనమైనది. రేసు పుస్తకమును చేతబట్టి వారు చేయు పరిశ్రమ సామాన్యము కాదు. గుఱ్ఱపు తల్లిదండ్రు లెవరు, క్రిందటి పరుగున ఎన్నవదిగా వచ్చినది, ఎంత బరువు మోయుచున్నది, జాకీ యెవడు, నేల తడిగా నున్నదా పొడిగా నున్నదా యని వారు కూలంకషముగా విచారింతురు. ఇంత విచారించియు వారు బాగుపడకుండుటకు కారణమేమి?

ఇందు నైపుణ్యము లేదని మే మనము. తమిళనాట పందెముల రద్దునకు 1974లో శాసనము చేసిరి. మదరాసు రేసు క్లబ్బును స్వాధీనము చేసికొనుటకు 1986లో మఱియొక శాసనము చేసిరి. ఆ వివాదమున 1996లో సుప్రీముకోర్టు తీర్పుచెప్పుచు, గుఱ్ఱపుపందెమున అదృష్టము కంటె నైపుణ్యమే ప్రధానమని నిర్ణయించినది. న్యాయవాదవృత్తి యందున్న మేము ఆ తీర్పునకు శిరసు వంచెదము. కాని నైపుణ్యము కలదనుట యొకటి, ఆ నైపుణ్యము ఒడ్డినవాని యింటికి ధాన్యము తెచ్చుననుట మఱియొకటి. న్యాయస్థానము మొదటిదానిని మాత్రమే తేల్చినది. రెండవదానిని తేల్చవలసినది గణితము.

టోటు అను పద్ధతిని పరికింపుడు. ఒక పరుగుపై జనులు ఒడ్డిన సొమ్మంతయు ఒక రాశిగా పోయుదురు. క్లబ్బు తన భాగమును ముందుగా తీసికొనును. మిగిలినది గెలుపు టిక్కెట్లవారికి వారి వారి పందెముల ప్రకారము పంచుదురు. కావున ఆటగాడు పోరాడుచున్నది గుఱ్ఱముతో గాదు, క్లబ్బుతోను గాదు, ప్రక్కనున్న ఆటగానితో. ఆ ప్రక్కవాడును అదే పుస్తకమును చదివినవాడే. అందఱు మెచ్చిన గుఱ్ఱము గెలిచినచో అందఱికిని వచ్చునది స్వల్పము. ఎవరును తలపని గుఱ్ఱము గెలిచినచో దానిని ఒడ్డినవారు అత్యల్పులు. నైపుణ్య మందఱికిని సమముగా నున్నప్పుడు, ముందుగా తీసిన భాగమే అందఱి నష్టము.

లెక్క కొఱకు ఆ కోత నూటికి ఇరువది యనుకొందము. జనులు తెచ్చిన నూరు రూపాయలను మొదటి పరుగున ఒడ్డి, తిరిగివచ్చిన దానిని మరల రెండవ పరుగున ఒడ్డి, ఇట్లు ఎనిమిది పరుగులు ముగియునప్పటికి మిగులునది 16 రూపాయల 78 పైసలు. ఇందు మోస మెవరును చేయలేదు. జాకీ కళ్లెము బిగబట్టలేదు. గుఱ్ఱమునకు మందు పెట్టలేదు. ధర్మముగా జరిగిన పందెమున ధర్మముగా జరిగిన నష్ట మిది. మోసమున్నచో అది దీనిపై అదనము. బుకీయొద్ద ఒడ్డినను స్థితి యిదియే. తన లాభము తనకు మిగులునట్లే వాడు ధర నిర్ణయించును.

ఇక ప్రభుత్వపు భాగము. పందెపు పూర్తి విలువపై నూటికి 28 వంతున వేయు పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి 40 అయినది. గెలిచిన సొమ్ముపై నూటికి ముప్పది వంతున ఆదాయపు పన్ను వేఱుగ గలదు. ఓడినవాడు ఆ నష్టమును తన జీతమునుండి మినహాయించి చూపుటకు వీలులేదు. వ్యసనమును అణచుటకే యీ పన్ను లని చెప్పుదురు. అణచుట నిజమైన ఉద్దేశమైనచో సంతోషమే. కాని వ్యసనమునుండి వచ్చు రాబడికి అలవాటుపడిన బొక్కసము ఆ వ్యసనము నశింపవలెనని మనసార కోరునా? మద్యపు రాబడి విషయమున మన మీ ప్రశ్న నడిగి చాలకాలమైనది. ఉత్తరము ఇంకను రాలేదు.

ఓటమి యొక్కటియే యున్నచో ఎవడును రెండవమాఱు మైదానము త్రొక్కడు. మనుష్యుని కట్టివేయునది గెలుపే. మా యెఱుకలో ఒక గుమాస్తా కలడు. మొదటి దినముననే ఆతనికి రెండు నెలల జీతము వచ్చినది. ఆ దినమున ఆతడు ఓడియుండిన యెడల బ్రదికిపోయెడివాడు. పిమ్మట వచ్చిన ప్రతి నష్టమును ఆతడు అప్పుగా భావించెనే గాని నష్టముగా భావింపలేదు. గుఱ్ఱములు తనకు బాకీపడినవనియు, ఏదో యొకనాడు తీర్చుననియు నమ్మెను. మెడయంత దూరములో తప్పిన గెలుపు ఆతనికి ఓటమిగా గాక వాగ్దానముగా దోచెను. భార్య మెడలోని గొలుసు తాకట్టునకు బోయినది. కొడుకు కళాశాల జీతమునకు గడువు దాటినది. తుదకు చేబదులు పత్రముతో మాయొద్దకు వచ్చిననాడు ఆతడు మమ్మడిగినది అప్పు తీరు మార్గము గాదు. వచ్చు ఆదివారమునకు వాయిదా.

మన శాసనముల తీరు చూడుడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టపు ముప్పదవ సెక్షను ప్రకారము పందెపు ఒడంబడిక చెల్లదు. గెలిచినవాడు దావా వేసి రాబట్టలేడు. అదే సెక్షను గుఱ్ఱపు పరుగున గెలుచువానికి అయిదువందలు, అంతకు మించిన బహుమానమునకై వేసికొన్న చందాను మాత్రము రక్షించుచున్నది. దొరల వినోదమునకు నాడు విడిచిన కిటికీ నేటికిని మూయబడలేదు. 2025లో పార్లమెంటు సొమ్మొడ్డి ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించుచు, నైపుణ్యమా అదృష్టమా యను భేదమునే పాటింపలేదు. కుటుంబములు చెడుచున్నవను కారణమే చాలునన్నది. ఆ కారణము మైదానపు గోడ దాటి లోపలికి రాకూడదా?

పందెములను తక్షణము మూయుడని మే మనుట లేదు. గుఱ్ఱములను సాకి, శిక్షణ నిచ్చి బ్రదుకు పేదకుటుంబము లెన్నియో గలవు. మైదానము మూసినంతనే పందెము సందులోని బుకీ చేతికి బోవునను భయమును నిరాధారము గాదు. మేము కోరునవి మూడు. ప్రతి టిక్కెట్టు మీదను నూటికి ఎంత కోసికొనుచున్నారో తెలుగులో పెద్దయక్షరములతో అచ్చువేయవలెను. ఈ రాబడిలో కొంత భాగమును వ్యసనపీడితుల చికిత్సకును, వారి కుటుంబముల ఋణవిమోచనమునకును ప్రత్యేకింపవలెను. మన పఠనాలయములవారు పైన చెప్పిన ఎనిమిది పరుగుల లెక్కను నల్లబల్లపై వ్రాసి యువకులచే చేయింపవలెను. ఉపన్యాసములకు లొంగనివాడు తన చేతిలెక్కకు లొంగవచ్చును.

గుఱ్ఱమును నిందింపకుడు, అది పరుగెత్తుమనిన పరుగెత్తినది. నలుడు కోల్పోయిన రాజ్యమును తిరిగి గైకొన్నది గుఱ్ఱముల నెక్కువగా తెలిసికొని గాదు, లెక్క నేర్చికొని. మన సోదరులును ఆ విద్యను, ఇల్లు గుల్ల గాకమునుపే, నేర్తురుగాక!